పిలిస్తే పలికే మాట

సోలో ఊళ్ళో, లవేయన్ సందుల్లో
అన్నం తినడానికి మూడు మాటలు.
నేను తింటే మంగన్.
కాస్త పరాయి మనిషి తింటే నెడ.
దొరసాని తింటే డహర్.
బియ్యం మాత్రం ఒక్క బస్తాలోదే,
పొయ్యి మా అమ్మ ఊదిందే.

అమ్మ పేరు కసీనెం.
ముప్పై ఒక్క ఏళ్ళు దొరసాని బాతిక్ కొట్లో
మైనపు కలంతో గుడ్డ మీద చుక్కలు పెట్టింది.
పీట కన్నా ఎత్తున ఎప్పుడూ కూర్చోలేదు.
మాట కూడా పీట ఎత్తులోనే ఉండేది.

లోపల్నించి "నెం!" అని సగం పేరు వినబడితే
ఇక్కణ్ణించి "దలెం" అనేది, నిండు గొంతుతో.
ఏంటమ్మా అని కాదు, వస్తున్నా అని కాదు,
చిత్తం అన్నట్టు.
మా జావా భాషలో దలెం అంటే
పెద్దల ముందు చెప్పుకునే 'నేను'.
పెద్దల ఇల్లు కూడా దలెమే.
నువ్వు ఎవరివి అని ఎవరైనా అడిగితే
మా అమ్మ నోట వాళ్ళ ఇల్లు పలికేది.

దొరసాని కొడుకు విరత్మొకి ఏడేళ్ళు.
"ఒసేయ్ నెం, నా చెప్పులేవే?"
"ఇవిగోండి చిన్నదొరగారూ."
వాడికి మర్యాద మాటలు నేర్పింది అమ్మే.
అమ్మ తింటోంది అనకూడదు బాబుగారూ,
అమ్మగారు ఆరగిస్తున్నారు అనాలి.
నిద్రపోయింది కాదు, పవళించారు.
మైనం కాగేలోపు రోజుకో మాట.
వాడు చక్కగా నేర్చుకున్నాడు,
వాళ్ళమ్మ దగ్గర చక్కగా వాడాడు.
నేర్పినావిడ దగ్గరా వాడాలన్న పాఠం ఒకటి మిగిలింది.
అది చెప్పాల్సిందీ ఆవిడే.
చెప్పలేదు.

ఓ వానాకాలం తెల్లారుజామున
దొరసానికి పక్షవాతం.
మూతి ఎడమకి పోయింది.
కొడుకు పేరు పోయింది, కొట్టు లెక్కలు పోయాయి,
అరిచే మాటలన్నీ పోయాయి.
చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ ముందు మోకరించి
మాట్లాడిన మాటలు మాత్రం
అడుగున ఎక్కడో తడవకుండా ఉండిపోయినట్టున్నాయి.
"తమరు కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా"
అందిట, మా అమ్మతో.

అమ్మ వెనక్కి తిరిగి చూసింది,
ఎవరొచ్చారా అని.
గుమ్మంలో పిల్లి తప్ప ఎవరూ లేరు.

ఆ రాత్రి ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని
"నన్ను తమరు అందే" అంది.
"సంతోషం వేసిందా?"
"భయమేసింది. గ్లాసు పట్టుకున్న చెయ్యి ఆగలేదు."
"మరి నువ్వేమన్నావ్?"
"దలెం అన్నా."
"ఒక్కసారి నువ్వు అనకపోయావా?
ఆవిడకి తెలీదుగా."
అమ్మ కూరలో మిరపకాయ ఏరి పక్కన పెట్టింది.
"నాలుక్కీ మోకాళ్ళుంటాయే," అంది,
"ఇన్నేళ్ళు మడిచాక
లెమ్మంటే లేస్తాయా?"

నాలుగు నెలలు ఒకరినొకరు
తమరు తమరు అనుకున్నారు ఆ గదిలో,
ఒకామె మంచం మీద, ఒకామె పీట మీద.
తర్వాత ఒకామె పోయింది.
విరత్మొ వచ్చి "నెం, గది కడిగెయ్" అన్నాడు.

నేను సహకార బ్యాంకులో గుమాస్తాని.
అక్కడ మాది దేశభాష.
అందులో మెట్లు లేవని బళ్ళో చెప్పారు.
కిటికీ అవతల నిలబడ్డ ప్రతివాళ్ళూ
అయితే ఇబు, కాకపోతే బపక్.
పొద్దున్న ఎనిమిదినించి నాలుగు దాకా
అందరూ నాకు అమ్మలూ నాన్నలే.
ఆ భాష వేసుకుంటే ఒళ్ళు తేలిగ్గా ఉండేది,
ఇస్త్రీ చొక్కాలాగా.

నిన్న, బ్యాంకు మూసే వేళ
చేతిలో కాగితాల కట్టతో వస్తున్నాను.
నేల మీద బురద కాళ్ళ మరక.
సరిదిన్ అనే ముసలాయన తుడుస్తున్నాడు,
మా తాత ఉంటే ఆ వయసు.
"ఒరేయ్, ఇక్కడ మళ్ళీ తుడువ్" అన్నాను.
దేశభాషలో కాదు.
ఏ మెట్టు మీంచి అన్నానో
అన్నాక తెలిసింది.
ఆ గొంతు నేనెక్కడ విన్నానో కూడా తెలుసు.

ఆయన తుడుపుకర్ర గోడకి ఆనించి
తల వంచి
"దలెం" అన్నాడు,
అచ్చం అమ్మలాగే, నిండుగా.

తడి నేల మీద అడుగు పడక ఆగిపోయాను.
జారతానేమో అనుకున్నట్టున్నాడు,
బకెట్టు పక్కకి జరిపి
నాకు దారిచ్చాడు.